ఎదిరివారి ముంగిట



ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పుదురు. ముందు తనవారి మెప్పు పొంది, పిమ్మట పరుల సభకు పోవలెనని దాని భావము. ఆ మాట నిజమే. అయితే ఇంట జరిగిన దానికంటె రచ్చ జరిగిన దానినే మనుజులు ఎక్కువ కాలము తలచుకొందురని మాకు తోచుచున్నది. మన యింట జరిగిన పది వేడుకలు ఒకదానితో నొకటి కలిసిపోవును. పరుల యింట మనవారికి జరిగిన ఒక్క మర్యాదయో, ఒక్క యవమానమో, ఆనాడు కట్టుకొన్న చీర రంగుతో సహా జ్ఞప్తియందు నిలిచిపోవును. ఈ మాసమున ఈ విషయమును గూర్చియే నాలుగు మాటలు వ్రాయదలచితిమి. అందులకు మేము తీసికొన్న దృష్టాంతము మన దేశమునది కాదు. అమెరికాలో న్యూయార్కు నగరమునందలి బ్రూక్లిను అను భాగమున నివసించిన సామాన్య కుటుంబములది. వారికి బేస్‌బాలు ఆటయనిన ప్రాణము. తమ జట్టగు బ్రూక్లిను డాడ్జర్సు అనిన ప్రాణముకంటె నెక్కువ.

ఆ యాట నెరుగని వారికై కొంచెము చెప్పెదము. బేస్‌బాలు మన పిల్లలాడు క్రికెట్టునకు జ్ఞాతి వంటిది. జట్టునకు తొమ్మండుగురు. బంతి విసరువానిని పిచ్చరందురు. ఎదిరి జట్టువాడు దానిని బ్యాటుతో గొట్టి, చతురస్రముగా నమర్చిన మజిలీలను వరుసగా త్రొక్కి, బయలుదేరిన చోటికి మరల వచ్చినచో ఒక పరుగు లభించును. ఆ బయలుదేరిన చోటికి వారు పెట్టిన పేరే ‘ఇల్లు’. బంతిని గోడ దాటించి ప్రేక్షకుల నడుమ బడవైచినచో దానిని హోమ్ రన్ అందురు. అప్పుడు కొట్టినవాడును, మజిలీలపై నిలిచియున్నవారును అందరును నిశ్చింతగా ఇల్లు చేరుదురు.

ఇరుపక్షములకును తొమ్మిదేసి వంతులుండును. ప్రతి వంతునందును ముందుగా అతిథులు, పిమ్మట ఇంటివారు బ్యాటు పట్టుదురు. అనగా తుది యవకాశము ఎల్లప్పుడును ఇంటివారిదే. పొరుగువారి యాటస్థలమునకు పోయినవాడు ఎంత ముందంజలో నున్నను, ఇంటివాని చివరి వంతు ముగియువరకు ఊపిరి బిగబట్టి కూర్చుండవలసినదే. ఈ యొక్క నియమమును గుర్తుంచుకొనినచో మేము చెప్పబోవు కథ సులభముగా బోధపడును.

1957వ సంవత్సరము వరకు న్యూయార్కు నగరమున మూడు పెద్ద జట్లుండెను. డాడ్జర్సు జట్టునకు బ్రూక్లినులోని ఎబ్బెట్స్ ఫీల్డు స్వస్థలము. జయంట్సు జట్టునకు మాన్‌హటను ఉత్తర భాగమునందలి పోలో గ్రౌండ్సు స్వస్థలము. హార్లెము నది కావలి యొడ్డున బ్రాంక్సునందు యాంకీల జట్టునకు యాంకీ స్టేడియము గలదు. డాడ్జర్సును జయంట్సును ఒకే కూటమిలోని వారగుటచే ఏటేట ఇరువదిరెండు పర్యాయములు తలపడుచుండిరి. అందు సగము ఆటలు ఇచ్చట, సగము అచ్చట. పరజట్టు ముంగిటికి పోవుటకు ఓడయు అక్కరలేదు, దూరప్రయాణమును అక్కరలేదు. భూమి క్రింద నడచు రైలెక్కి కొంతసేపు కూర్చుండిన చాలును. ఒకే యూరిలోని వియ్యాలవారివలె ఒకరి గుట్టు ఒకరికి తెలియును. ఒకరి మాట ఒకరికి గుచ్చుకొనును.

పోలో గ్రౌండ్సు నిర్మాణము చిత్రమైనది. అది గుండ్రముగా నుండక గుఱ్ఱపు నాడావలె పొడుగుగా నుండెడిది. ఎడమ గీత వెంట గోడ 279 అడుగుల దూరముననే యుండగా, నడిమి భాగమున 480 అడుగులకు పైబడి యుండెడిది. ఆటగాండ్రు దుస్తులు మార్చుకొను గదులు ఆ నడిమి భాగపు చివరనే గలవు. తక్కిన యాటస్థలములలో ఓడినవాడు తన బల్ల వెనుకనున్న ద్వారమున తల వంచుకొని చప్పుడు చేయక పోవచ్చును. ఇచ్చట నట్లు కాదు. వేలకొలది జనులు చూచుచుండగా మైదానమంతయు నడచి, ఆవలనున్న మెట్లెక్కి పోవలయును. పరుల యింట ఓడినవానికి తల దాచుకొనుటకు దారియే లేదు.

ఇక 1951వ సంవత్సరపు కథ. ఆ యేడు ఆగస్టు 11వ తేదీన ఒక దశలో డాడ్జర్సు జయంట్సుకంటె పదమూడున్నర యాటల ముందంజలో నుండిరి. బ్రూక్లిను వారు ఇక మనకు తిరుగు లేదనుకొనిరి. అయితే జయంట్సు తమ చివరి 44 ఆటలలో 37 గెలిచి, ఋతువు ముగియు దినమునకు సరిసమానులైరి. ఇరువురికిని 96 విజయములు, 58 పరాజయములు. ఎవరు శ్రేష్ఠులో తేల్చుటకు మూడు ఆటలు ఏర్పాటు చేసిరి. మొదటిది బ్రూక్లినులో జరుగగా జయంట్సు గెలిచిరి. రెండవది పోలో గ్రౌండ్సులో జరుగగా డాడ్జర్సు 10–0గా గెలిచి వచ్చిరి. వింత చూడుడు, ఇరువురును ఎదిరివారి ముంగిటనే గెలిచిరి. మూడవది, అక్టోబరు 3వ తేదీది, మరల పోలో గ్రౌండ్సులోనే.

ఆ దినమున ఆటను చూచుటకు వచ్చినవారు 34,320 మంది. తొమ్మిదవ వంతు వచ్చుసరికి డాడ్జర్సు 4–1గా ముందున్నారు. ఇంటివారికి తుది యవకాశము మాత్రమే మిగిలినది. మొదటి యిద్దరును బంతిని గొట్టి మజిలీ చేరిరి. తరువాతివాడు ఔటయ్యెను. ఆ పిమ్మటివాడు గట్టిగా గొట్టుటచే ఒక పరుగు వచ్చి 4–2 అయ్యెను. ఇద్దరు మజిలీలపై నిలిచిరి. అలసిన పిచ్చరును తప్పించి డాడ్జర్సు వారు రాల్ఫ్ బ్రాంకాను పిలిచిరి. అతని చొక్కాపై నంకె 13. ఎదుట బ్యాటు పట్టినవాడు బాబీ థామ్సన్. బ్రాంకా విసరిన రెండవ బంతిని థామ్సన్ ఎడమ గోడ మీదుగా మెట్లలోనికి గొట్టెను. ముగ్గురు ఇల్లు చేరిరి. 5–4. అంతటితో ముగిసెను.

జయంట్సు వారి యభిమానులు మైదానముపైకి పొరలివచ్చిరి. డాడ్జర్సు తలలు వంచుకొని ఆ దీర్ఘమైన దారిని బట్టిరి. ఒక్క జాకీ రాబిన్సన్ మాత్రము కదలక నిలిచి, థామ్సన్ ప్రతి మజిలీని త్రొక్కుచున్నాడా లేదా యని తుదివరకు పరికించెను. 1947వ సంవత్సరమున, నల్లజాతి వారికి మూసియుంచిన పెద్ద జట్ల తలుపును తెరచుకొని వచ్చినవాడాతడు. పరుల యాటస్థలములలో దుర్భాషల నెన్నింటినో విని సహించినవాడు. ఒక్క మజిలీ తప్పినను తన జట్టునకు న్యాయము దక్కునేమో యని చూచెను. థామ్సన్ తప్పలేదు. అప్పుడుగాని రాబిన్సన్ కదలలేదు. ఓటమిని ఒప్పుకొనుటకు ముందు అది నిజమైన యోటమియేనా యని కన్నులార చూచుకొనుట పిరికితనము కాదు. అదియు నొక ధైర్యమే యని మా యభిప్రాయము.

బ్రాంకా గదిలోని మెట్లపై బోరగిల పడియున్న ఛాయాచిత్రము పత్రికలకెక్కెను. ఆతనిని వివాహమాడనున్న కన్య ఆ దినమున అచ్చటనే యుండెను. ఆ నెలలోనే వారి వివాహము జరిగెను. 2016లో బ్రాంకా మరణించువరకు ఆ దాంపత్యము చెక్కుచెదరలేదు. దేశమంతయు నొక మనుజుని ఒక్క బంతితో జ్ఞప్తియందుంచుకొనగా, ఆయిల్లాలు ఆరు పదుల యేండ్లకు పైగా ఆతని యితర దినములన్నింటితో కాపురము చేసెను. ఈ సంగతిని ఆటల చరిత్రలు ఒక పంక్తిలో చెప్పి దాటిపోవును. మన పత్రిక చదువువారు దానివద్ద కొంచెము ఆగుదురని మేమెరుగుదుము.

ఆ దినపు దుఃఖము మైదానమున నున్నవారిది మాత్రమే కాదు. రేడియోల ద్వారమునను, అప్పుడప్పుడే యిండ్లకు వచ్చుచున్న టెలివిజనుల ద్వారమునను అది వంటయింటివరకు వచ్చెను. అమెరికా చరిత్రకారిణులలో పేరు గన్న డోరిస్ కెర్న్స్ గుడ్విన్ అప్పటికి ఎనిమిదేండ్ల బాలిక. న్యూయార్కు ప్రక్కనున్న లాంగ్ ఐలండులో పెరిగిన ఆమె 1997లో తన బాల్యమును గూర్చి యొక గ్రంథము వ్రాసెను. ఆమెకు ఆరేండ్లప్పుడు తండ్రి యొక లెక్క పుస్తకమిచ్చి, ఆటలో ప్రతి బంతి ఫలితమును గుర్తులతో వ్రాసికొను విధమును నేర్పెనట. పగలు రేడియోలో ఆట వినుచు వ్రాసికొని, సాయంకాలము తండ్రి యింటికి రాగానే ఆటనంతయు కథగా చెప్పుట ఆమె నిత్యకృత్యము. తాను చెప్పనిదే తండ్రికి ఆ కథ తెలియదని ఆ పసిబిడ్డ నమ్మినది. మరునాటి పత్రికలో ఫలితమంతయు అచ్చగునని తండ్రి యొక్కనాడును చెప్పలేదు. కూతురి మాటను ఆలకించుటకై తెలిసినదానిని తెలియనట్లు కూర్చుండు తండ్రులు మన యిండ్లలోను కలరు. ఎదిరివారి స్థలమున జరిగిన యాటను కన్నులతో చూడకయే ఇంటనుండి కట్టిన కథ అది. అట్లు చెప్పుటవలననే తనకు చరిత్ర చెప్పు విద్య అబ్బినదని యామె యభిప్రాయము.

ఆ గ్రంథమున మాకు మిక్కిలి నచ్చిన ఘట్టము వేరొకటి గలదు. వారి వీధిలోని మాంసపు దుకాణమువారు జయంట్సు పక్షమువారు. ఆ బాలికను రోజును ఆట పట్టించుచుండెడివారు. థామ్సన్ హోమ్ రన్ కొట్టిన పిమ్మట ఆమె సిగ్గుచే ఆ దుకాణమువైపు పోవుటయే మానుకొన్నది. కొన్ని దినములకు ఆ దుకాణమువారు ఆమె పేర పువ్వులు పంపి, నీవు లేక మాకు తోచుటలేదు, మరల రమ్మని కబురు చేసిరి. గెలిచినవారు ఓడిన పసిదాని యింటికి పువ్వులు పంపిరి! గెలుపును ఎట్లు మోయవలయునో ఆ దుకాణమువారికి తెలిసినంతగా గొప్ప సభలలోని పెద్దలకు తెలియుట అరుదు.

అయితే ఈ కథకు చేదైన యనుబంధమొకటి గలదు. 2001వ సంవత్సరమున, ఏబదియేండ్లు నిండువేళ, ఒక దినపత్రిక గొప్ప రహస్యమును బయట పెట్టెను. పిచ్చరు ఎట్టి బంతి వేయవలెనో అతని కెదురుగా కూర్చుండు క్యాచరు వ్రేళ్ల సైగలతో చెప్పును. 1951లో జయంట్సు వారు నడిమి భాగపు చివరనున్న ఆ గదులలోనే దూరదర్శినిని పెట్టి, ఆ సైగలను చూచి, తీగ ద్వారమున మ్రోగు గంటతో తమవారికి అందజేయుచుండిరట. ఓడినవారు వేలమంది యెదుట నడచిపోవలసిన ఆ దారి కొననే ఆ కన్ను దాగియుండెను! థామ్సన్ మాత్రము ఆ యొక్క బంతికి తనకు సైగ యందలేదని చెప్పెను. ఆనాటి నియమములలో దీనిని స్పష్టముగా వారించు మాట లేదని వాదించువారును గలరు.

ఈ సంగతి చదివినప్పుడు మాకు హస్తినాపురపు సభ జ్ఞప్తికి వచ్చెను. ధర్మరాజు పరుల సభకు పోయి, పరుల పాచికలతో జూదమాడెను. పాచికలు ఎవరివో, సభ యెవరిదో ముందు చూచుకొనవలెనని తరతరముల తల్లులు ఆ కథను బిడ్డలకు చెప్పుచునే యున్నారు. బ్రాంకాకు ఈ రహస్యము ఓడిన కొన్ని యేండ్లకే తోటి యాటగాని వలన చెవిని బడెను. అయినను ఆతడు వీధికెక్కలేదు. గెలిచిన పిమ్మట థామ్సన్‌ను చిన్నబుచ్చి తాను పెద్దవాడగుట ఆతనికి ఇష్టము లేకపోయెను. ఇరువురును అనేక సభలలో ప్రక్కప్రక్కన కూర్చుండి, ఆ యొక్క క్షణపు చిత్రముపై కలిసి చేవ్రాళ్లు చేసిరి. థామ్సన్ 2010లో మరణించెను. పగ సాధించుటకు పాండవులకు కురుక్షేత్రము కావలసివచ్చెను. బ్రాంకాకు మౌనము చాలెను. ఏది ఘనమో మేము తీర్పు చెప్పము. కాని మౌనమును కూడ పరాక్రమములలో లెక్కింపవలెనని మాత్రము చెప్పుదుము.

బ్రూక్లిను వారి యూరట కూడ పరుల ముంగిటనే వ్రాసియున్నది. ఇరు కూటముల విజేతలు తలపడు తుది పోటీని వరల్డు సిరీసు అందురు. అందు డాడ్జర్సు 1916 మొదలు 1953 వరకు ఏడు పర్యాయములు ఓడిరి. ఆ యేడింటిలో నైదు యాంకీల చేతిలోనే. వచ్చే యేడు చూడుడని ఏటేట చెప్పుకొనుట బ్రూక్లినున సామెతయై పోయెను. 1955వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన ఏడవదియు, కడపటిదియు నగు ఆట యాంకీ స్టేడియమున జరిగెను. పిచ్చరు జానీ పోడ్రెస్; ఇరువదిమూడేండ్ల యువకుడు. డాడ్జర్సు 2–0గా ముందున్నారు. ఆరవ వంతున యాంకీలు ఇద్దరిని మజిలీలపై నిలిపిరి. అంతట యోగి బెర్రా ఎడమ మూలకు బంతిని గొట్టెను. క్యూబా దేశస్థుడగు సాండీ అమోరోస్ ఆ వంతుననే ఎడమ ప్రక్కకు పంపబడినవాడు. ఆతడు పరుగెత్తి, గీత ప్రక్కన చేయి చాచి, ఆ బంతిని పట్టి, తోడనే లోనికి విసరెను. ఒక్క దెబ్బకు ఇద్దరు ఔటైరి. యాంకీలకు ఒక్క పరుగైనను రాలేదు.

ఇట్లు బ్రూక్లిను వారి మహాదుఃఖమును ఎదిరివారి ముంగిటనే, మహానందమును ఎదిరివారి ముంగిటనే జరిగెను. నడుమ పారునది హార్లెము నది యొక్కటియే. వారు ఎబ్బెట్స్ ఫీల్డులో చూచిన విజయములు వందలు. అయినను ముదుసలులు మనుమలకు చెప్పుకొనుచు వచ్చినవి ముఖ్యముగా ఈ రెండే. ఏల? మాకు తోచిన కారణమిది. ఇంట నున్నప్పుడు మన చుట్టునున్నవారందరును మనవారే. కేకలలో మన కేక కలిసిపోవును. ఎదిరివారి నడుమ కూర్చున్నప్పుడు మన ప్రక్కనున్న తండ్రి చేయియో, అన్న భుజమో మనకు మిక్కిలి దగ్గరగా నుండును. మనము ఎవరమో అప్పుడు తెలియును. జ్ఞాపకము ఆ దగ్గరతనమును విడువదు.

1957వ సంవత్సరము ముగిసినతోడనే డాడ్జర్సు లాసేంజిలెసునకును, జయంట్సు శాన్‌ఫ్రాన్సిస్కోకును తరలిపోయిరి. 1960లో ఎబ్బెట్స్ ఫీల్డును పడగొట్టిరి. బ్రూక్లిను వారికి ఇల్లును లేదు, ఎదిరివారి ముంగిలియు లేదు. 1962లో న్యూయార్కునకు మెట్సు అను క్రొత్త జట్టు వచ్చి, ఖాళీగా నున్న పోలో గ్రౌండ్సులో బస చేసెను. ఆ యేడు మే 30వ తేదీన లాసేంజిలెసు డాడ్జర్సు అతిథులై అచ్చటికి వచ్చిరి. చూచుటకు 55,000 మందికి పైగా వచ్చిరి. 1951 నాటి ఆ యాటకు వచ్చినవారికంటె ఎన్నో వేలు ఎక్కువ! వారిలో బ్రూక్లిను నుండి వచ్చినవారెందరో. పూర్వము ఏ స్థలము పేరు వినినంతనే మొగము ముడుచుకొనిరో, ఆ స్థలమునకే తమ బిడ్డలను చూచుటకై పోయిరి. తమ ప్రియతముడగు గిల్ హాడ్జెస్ ఆ దినములలో మెట్సు జట్టులో నుండెను. ఎవరిని ఆశీర్వదింపవలయునో, ఎవరిని గేలి సేయవలయునో తెలియని ఆ దినమున వారి హృదయము లెట్లుండెనో, పుట్టిల్లు అమ్ముడుపోయి తోబుట్టువులు పరుల యింట పెండ్లిలో కలిసికొన్న సోదరీమణులకు మేము చెప్పనక్కరలేదు.

1964లో పోలో గ్రౌండ్సును కూల్చిరి. అచ్చట ఇప్పుడు ఎత్తయిన నివాసగృహములు గలవు. పూర్వపు యాంకీ స్టేడియమున 2008లో ఆటలు ముగిసెను. 2010కి దానిని పూర్తిగా తొలగించిరి. మూడు స్థలములును పోయెను. జ్ఞాపకములు మాత్రము లెక్క పుస్తకములలోను, కథలలోను నిలిచెను.

మన బిడ్డలు కూడ క్రికెట్టో, కబడ్డీయో ఆడుటకు పొరుగువారి మైదానమునకు పోవుచున్నారు. ఇప్పుడు బాలురే కాదు, బాలికలును పోవుచున్నారు. వారు ఓడి వచ్చినప్పుడు అన్నము వడ్డించి, ఎట్లు ఓడితిరని గాక, ఏమి జరిగినదని అడిగి మొదటినుండి తుదివరకు వినుడు. పత్రికలో నున్నను, మీకు ముందే తెలిసినను, తెలియనట్లు వినుడు. గెలిచి వచ్చినప్పుడు ఓడిన యింటి బిడ్డకు పువ్వులు కాకున్నను ఒక మంచి మాటయైన పంపుమని నేర్పుడు. రచ్చ గెలుచుటకంటె రచ్చ నుండి మంచి మనసుతో ఇల్లు చేరుట కష్టము. ఆ యాటలో తుది మజిలీకి ‘ఇల్లు’ అని పేరిడినవారు తెలిసియే యిడిరి కాబోలునని మేము తలచుచున్నాము.